ఇంతకీ నా నెత్తురు లెక్కేమైంది?



ఏటా సంక్రాంతి వెళ్ళిపోయి, డబ్బా అడుగున నాలుగు అరిసెలు మిగిలి ఉన్న రోజుల్లో నాకొక ఫోన్ వస్తుంది. "సార్, ఈ ఏడు కూడా మీరు జడ్జిగా రావాలి" అని. ఆరోగ్య పరిశోధనలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళంతా రెండు రోజులపాటు ఒకచోట చేరే సభ అది. హైదరాబాదులో జరుగుతుంది. నిర్వాహకుల పేరు మాత్రం చెప్పను. కాసేపట్లో వాళ్ళమీద ఒకటి రెండు విసుర్లు విసరబోతున్నాను, అందుకని. నేను పోషకాహార పరిశోధనలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. శాలువా కప్పుతామంటే రిటైరైనవాడు ఎంత దూరమైనా వస్తాడని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను ఇంతవరకూ వమ్ము చెయ్యలేదు.

మా ఆవిడ అడుగుతుంది, "ఆ పిల్లల గోల వినడానికి రెండు రోజులు కుర్చీలో నడుం పడిపోయేలా కూర్చోవడం ఎందుకండీ" అని. పిల్లలంటాం గానీ, అక్కడికొచ్చేవాళ్ళలో చాలామందికి పెళ్ళిళ్ళయి, చంకన బిడ్డలున్నారు. పీహెచ్‌డీకి నిబంధనల ప్రకారం తక్కువలో తక్కువ మూడేళ్ళు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్ళు. ఆడవాళ్ళకి మరో రెండేళ్ళ వెసులుబాటు ఉంది. ఆ ఆరేళ్ళలో మనిషి జీవితంలో జరగాల్సినవన్నీ జరిగిపోతాయి. పెళ్ళి, పురుడు, నాన్నగారి ఆపరేషను, తమ్ముడి ఉద్యోగం. థీసిస్ ఒక్కటే ఎక్కడ వేసిన గొంగడి అక్కడే ఉంటుంది.

ఆరోగ్యంలో పీహెచ్‌డీ అంటే డాక్టరు చదువని మనలో చాలామంది అనుకుంటారు. ఒక అమ్మాయి చెప్పింది, ఊరెళ్ళినప్పుడల్లా పక్కింటావిడ చీర మోకాలి దాకా ఎత్తి, "ఇదిగో ఇక్కడ పట్టేస్తోందే తల్లీ, ఏం రాస్తావో రాయి" అంటుందట. ఈ అమ్మాయి చేసే పని సాంబారులో, చారులో పసుపు ఎంత, అందులో కల్తీ రంగు ఎంత అని చూడటం. "నేను ఆ డాక్టర్ని కాదు పిన్నీ" అంటే, "మరి ఏ డాక్టరువి? పశువులకా?" అందట ఆవిడ. ఆ సభలో నర్సింగు చదివినవాళ్ళుంటారు, గణాంకాలవాళ్ళుంటారు, సమాజశాస్త్రం వాళ్ళు, ఫిజియోథెరపీ వాళ్ళు, ఎలుకలకు మందు పోసేవాళ్ళు, ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడిగేవాళ్ళు. ఈ చివరి రెండు జాతులకీ పడదు. ఎలుకల పక్షం వాళ్ళకి ఇల్లిల్లూ తిరగడం సైన్సులా కనిపించదు. ఊళ్ళు తిరిగేవాళ్ళకి, ఎయిర్ కండిషను గదిలో ఎలుకలతో కాపురం చెయ్యడం పనిలా కనిపించదు.

వీళ్ళ బతుకు గురించి రెండు ముక్కలు చెప్పాలి. జాతీయ పరీక్ష నెగ్గి ఫెలోషిప్ తెచ్చుకున్నవాళ్ళకి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియరైతే 42,000. కాగితం మీద బాగానే ఉంది. అది నెలనెలా పడితే ఇంకా బాగుంటుంది. నాలుగైదు నెలలు ఆగి ఒకేసారి పడటం వీళ్ళందరికీ అలవాటే. ఫెలోషిప్ లేనివాళ్ళు సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుంటారు. ఒక్కొక్కరిదీ ఒక్కో మూల, ఒక్కో గైడు, ఒక్కో గండం. ఆర్నెల్లకోసారి కమిటీ ముందు నిలబడి "ఎంతవరకూ వచ్చింది" అంటే చెప్పుకోవాలి. ఇంట్లోవాళ్ళూ అదే ప్రశ్న అడుగుతారు, గొంతు మాత్రం వేరు. అందుకే ఈ సభకొస్తే మేనత్త కూతురి పెళ్ళికొచ్చినంత సంబరం వాళ్ళకి. భోజనాల వరసలో ప్లేటు పట్టుకుని నిలబడ్డప్పుడు వాళ్ళు మాట్లాడుకునే మాటలు వేదిక మీద ఒక్కటి కూడా వినపడవు. ఫ్రిజ్ కరెంటు పోయి నమూనాలన్నీ పాడైపోయిన కథ, గైడు విదేశం వెళ్ళి ఏడాదిగా మెయిలుకు జవాబివ్వని కథ, పంపిన వ్యాసాన్ని పత్రికవాళ్ళు మూడోసారి తిప్పికొట్టిన కథ. నేను పప్పు వడ్డించుకునే నెపంతో అక్కడ కావాలనే ఆలస్యం చేస్తాను.

ఇదివరకు జనం ఇంకా ఎక్కువ వచ్చేవాళ్ళు. థీసిస్ ఇచ్చేలోపు రెండు సదస్సుల్లో పత్రం చదవాలని 2016 నాటి యూజీసీ నిబంధనల్లో ఉండేది. 2022లో వచ్చిన కొత్త నిబంధనల్లో అది తీసేశారు. సర్టిఫికెట్టు కోసమే వచ్చి, కిట్టు బ్యాగు చంకన పెట్టుకుని, మొదటి టీకే మాయమయ్యే వాళ్ళు తగ్గారు. మంచిదే. టీ కూడా కాస్త చిక్కబడింది.

ప్రారంభ సభ గురించి చెప్పను. మీరు చూసినవే. ఫ్యాను గాలికి వెలగని ఒత్తులు, అగ్గిపెట్టె కోసం పరుగులు, గంట ఆలస్యంగా వచ్చి "సమయాభావం వల్ల క్లుప్తంగా" అంటూ ముప్పావు గంట మాట్లాడే ముఖ్య అతిథి. ఒక ఏడాది ఆ ముఖ్య అతిథిని నేనే.

అసలు సభ పోస్టర్ల హాల్లో మొదలవుతుంది. పోస్టరంటే మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడుగు ఫ్లెక్సీ. నాలుగేళ్ళ పనంతా అందులో కుక్కుతారు. పైన ఎనిమిది పేర్లు, రెండు మూడు ఎంబ్లెములు, కింద చీమల బారుల్లా పట్టికలు. పక్కనే ఆ స్కాలరు ఇస్త్రీ బట్టల్లో నిలబడి, జడ్జి కనపడగానే గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేస్తారు. మా చేతిలో ఒక కాగితం, ఇరవై మార్కులకి. ఇందులో "పోస్టరు అందచందాలు" అని ఐదు మార్కులున్నాయి. వాటిని నేను అందరికీ నాలుగు చొప్పున వేసేస్తాను.

ఒకసారి రక్తపోటు మీద, ఉప్పు వాడకం మీద పనిచేస్తున్న కుర్రాడొకడు రెండో ఏడూ వచ్చాడు. పోయినేటి పోస్టరు ఏం చేశావయ్యా అని ఊరికే అడిగాను. "మా అమ్మ మేడమీద దాన్ని పరిచి వడియాలు పెట్టింది సార్" అన్నాడు. ఉప్పు తగ్గించమని చెప్పే పోస్టరు మీద గుమ్మడి వడియాలు! ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత తట్టింది నాకు. ఆవిడకి అందులో ఏముందో తెలిస్తే పెట్టేది కాదేమో. ఆవిడకి చదువొచ్చు, రోజూ పేపరు చదువుతుంది. పోస్టరు ఇంగ్లీషులో ఉంది.

అదే రోజు ఇంకో అమ్మాయి. గుంటూరు పిల్ల. గర్భిణుల్లో రక్తహీనత ఆమె విషయం. ఇది చిన్న విషయం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తం తక్కువని తేలింది. ఆ అమ్మాయి గడగడా చెప్పుకుపోతుంటే మధ్యలో ఆపి, "తెలుగులో చెప్పమ్మా" అన్నాను. ఆగిపోయింది. రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ ఇంగ్లీషులోకే జారింది. ఆఖరికి "తెలుగులో చెప్పాలంటే ఏదోలా ఉంది సార్" అంది. నాలుగు వందల మంది ఆడవాళ్ళని తెలుగులో పలకరించి, తెలుగులో అడిగి, తెలుగులో జవాబులు రాబట్టిన పిల్ల. రాత్రి హాస్టలుకొచ్చి వాటిని ఇంగ్లీషులో కంప్యూటరుకెక్కించింది. అక్కడినుంచి వెనక్కి రావడానికి ఆమెకి ఎవరూ బాట వెయ్యలేదు. తప్పు ఆమెది కాదు. పాతికేళ్ళు జడ్జీలుగా కూర్చున్న మాదే.

ఆ సాయంత్రం నిర్వాహకులతో పోట్లాడాను. ఇప్పటికే మీ దగ్గర మూడు నిమిషాల పోటీ ఉంది కదా, దాన్ని తెలుగులో కూడా పెట్టండి అని.

ఆ మూడు నిమిషాల పోటీ కథ తమాషాగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి ఒకప్పుడు పెద్ద కరువొచ్చింది. నీళ్ళు పొదుపు చెయ్యమని ప్రభుత్వం చెబితే, జనం స్నానాల గదుల్లో మూడు నిమిషాల ఇసుక గడియారం తగిలించుకున్నారు. ఇసుక జారేలోపు స్నానం ముగించాలి. అక్కడి క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థుల డీన్ ఆలన్ లాసన్‌కి దాన్ని చూసి ఓ ఆలోచన తట్టింది. మూడు నిమిషాల్లో స్నానమే ముగిసినప్పుడు థీసిస్ ఎందుకు ముగియదు? 2008లో మొదటి పోటీ పెట్టారు. ఒకే ఒక్క స్లైడు, మూడే నిమిషాలు, వినేది మీ సబ్జెక్టు తెలియనివాళ్ళు. ఇప్పుడది ప్రపంచమంతా పాకింది. కరువులో పుట్టిన మంచి పనుల్లో ఇదొకటి. మన రాయలసీమకి చెబితే, స్నానానికి మూడు నిమిషాలా, మాకు మూడు చెంబులే అంటారు.

తెలుగు పోటీకి మొదట అభ్యంతరాలొచ్చాయి. సాంకేతిక పదాలకి తెలుగు లేదన్నారు. బెంగాల్ నుంచి, కేరళ నుంచి వచ్చిన వాళ్ళ సంగతేమిటన్నారు. సరే, ఇష్టమున్నవాళ్ళే పేరిచ్చుకోండి అంటే, మొదటి ఏడు ఆరుగురు ఇచ్చారు. ఆ ఆరుగురిలో అందరికన్నా బాగా మాట్లాడింది ఎవరో తెలుసా? ఒడియా కుర్రాడు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పనిచేస్తున్నాడు. జీడి, కొబ్బరి తోటల నడుమ పచ్చగా ఉండే ఆ ప్రాంతంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఎన్నో బృందాలు వెళ్ళి చూసినా, ఇదీ కారణమని ఇంతవరకూ గట్టిగా తేలలేదు. నీళ్ళా, వేడికి ఒళ్ళు ఎండిపోవడమా, మందులా, పుట్టుకా అని వాదనలు నడుస్తూనే ఉన్నాయి. ఈ కుర్రాడు వేదికెక్కి ఇలా అన్నాడు: "కిడ్నీ అంటే జల్లెడండి. జల్లెడ కన్నాలు పూడిపోతే చెత్త లోపలే ఉండిపోతాది కదా. ఆ చెత్తలో ఒక రకానికి క్రియాటినిన్ అని పేరెట్టారు. రగతంలో అదెంత ఉందో చూస్తే, జల్లెడ ఎంత పూడిందో తెలుస్తాది." హాలంతా చప్పట్లు. పుస్తకాల తెలుగు అతనికి రాదు. అదే అతనికి కలిసొచ్చింది. తోటల్లో కూలీలు నేర్పిన తెలుగు అది.

మాటలు దొరకవన్నారు గానీ, వెతుక్కుంటే ఇంట్లోనే ఉన్నాయి. 'ప్రివలెన్స్' అనే మాట దగ్గర ఏడాది పొడవునా తన్నుకులాడిన పిల్లలు, "నూటికి ఎంతమంది" అంటే సరిపోతుందని గ్రహించారు. ఎవరికి మందివ్వాలో ఎవరికి ఇవ్వకూడదో మన ఇష్టానికి కాకుండా తేల్చడానికి వాళ్ళు చేసే తతంగమంతా "చీటీలు వెయ్యడం". చిట్‌ఫండ్లు నడిపే జాతికి చీటీ వెయ్యడం అంటే ఏమిటో విడమరచి చెప్పాలా? ఇచ్చేవాడికీ మింగేవాడికీ ఏది మందో ఏది ఉత్తి పిండి మాత్రో తెలియకుండా చేసే ఏర్పాటుకి మాత్రం పొట్టి మాట ఇంకా దొరకలేదు. ఒకడు "దాగుడుమూతల పద్ధతి" అన్నాడు. వినడానికి బాగుంది గానీ, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు.

అన్నిటికన్నా కష్టమైనది గణాంకాల అమ్మాయికి పడింది. 'స్టాటిస్టికల్లీ సిగ్నిఫికెంట్' అనే మాట. పరిశోధనలో పిల్లలు దేవుడి పేరు కన్నా ఎక్కువగా తలుచుకునే మాట ఇది. చెప్పలేక అవస్థపడి, ఆ పిల్ల ముందురోజు రాత్రి ఇంటికి ఫోన్ చేసిందట. వాళ్ళ తాతగారు తెలుగు పండితులు. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు: "అంటే కాకతాళీయం కాదనేగా?" మర్నాడు వేదిక మీద ఆమె ఆ కాకినే పట్టుకుంది. తాటిచెట్టు మీద కాకి వాలింది, పండు రాలింది. కాకి బరువుకే రాలిందా, రాలే వేళకి కాకి వాలిందా? ఒక్కసారి చూస్తే చెప్పలేం. వంద చెట్లు చూడాలి. కాకులు వాలిన చెట్లెన్ని, వాలని చెట్లెన్ని, దేని కింద ఎన్ని పండ్లు అని లెక్కపెట్టాలి. కాకికీ పండుకీ ఏ సంబంధమూ లేకపోతే మనం చూసినంత తేడా ఎంత అరుదుగా వస్తుందో అప్పుడు కట్టి చూడాలి. నూటికి ఐదుసార్ల కన్నా అరుదైతే, ఇది కాకతాళీయం కాకపోవచ్చు అంటాం. "ఆ ఐదు అనే గీత దేవుడు గీసింది కాదు, మనుషులు పెట్టుకున్నదే" అని ముగించి, మూడు నిమిషాలకి నాలుగు సెకన్లు ఉండగానే దిగిపోయింది. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నేను ఇంత బాగా ఎవరికీ చెప్పలేకపోయాను. ఆ తాతగారికి పీహెచ్‌డీ లేదు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్తాను. మన గడ్డమీద జరిగిన ఆరోగ్య పరిశోధన అంతా ఎవరో ఒకరి ఒంట్లోంచి తీసుకున్నదే. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు, దోమ కడుపు గోడలో మలేరియా జీవిని చూసింది 1897 ఆగస్టు 20న. ఆ దోమ ముందుగా హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టింది. కుట్టించుకున్నందుకు దోమకొక అణా చొప్పున రాస్ అతనికి ఇచ్చాడు. రాస్ పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. రాస్‌కి నోబెల్ బహుమతి వచ్చింది. ఖాన్‌కి అణాలు వచ్చాయి. తన నెత్తురులోంచి ఏం బయటపడిందో అతనికి ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా అన్నది ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు.

మా సంస్థ సంగతీ చెప్పాలి. 1918లో కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి జబ్బు మీద విచారణగా డాక్టర్ మెకారిసన్ మొదలుపెట్టిన పని అది. 1958లో హైదరాబాదు తార్నాకకి వచ్చింది. ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అదే. వచ్చిన కొత్తలో, ఇక్కడి జొన్నరైతుల్లో ఒక జబ్బు కనిపించింది. ఎండ తగిలిన చోటల్లా చర్మం కాలినట్టు నల్లబడటం, మెడచుట్టూ కంటె వేసినట్టు చార. పెలాగ్రా. మొక్కజొన్న తినే దేశాల జబ్బని పుస్తకాల్లో ఉంది. జొన్న తినేవాళ్ళకి ఎందుకొచ్చింది? జొన్నలో లూసిన్ అనే పదార్థం మోతాదు మించి ఉండటమే కారణం కావచ్చని మా సంస్థలోని గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. దానిమీద తర్వాత ఎన్నో తర్జనభర్జనలు జరిగాయి, అందరూ ఒప్పుకోలేదు. ఈ కథ నేను స్కాలర్లకి చెబుతాను. ఎందుకంటే వాదన తేలకపోయినా, ప్రశ్న ఆసుపత్రి మంచం మీద పడుకున్న రైతు మెడ దగ్గర పుట్టింది.

మరో ముచ్చట. మా సభకొచ్చే ల్యాబు పిల్లలు బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్సులో ఫాస్ఫరస్ కొలవడానికి నీలం రంగు వచ్చే ప్రయోగం ఒకటి చేస్తారు. ఫిస్కే–సుబ్బారో పద్ధతి. 1925 నాటిది. ఆ సుబ్బారో ఎవరని అడిగితే ఒకసారి ఒక కుర్రాడు "అమెరికన్ సార్" అన్నాడు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు! 1923లో బోస్టన్ చేరి, కడుపు నింపుకోవడానికి ఆసుపత్రిలో చిల్లర పనులు చేసుకుంటూ, 1930లో హార్వర్డులో పీహెచ్‌డీ పుచ్చుకున్నాడు. తర్వాత లెడర్లే మందుల కంపెనీలో ఆయన నడిపిన బృందం 1940లలో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. మన గర్భిణులకి ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. అంటే భీమవరం నుంచి బోస్టన్ వెళ్ళిన పని తిరిగి తిరిగి మన అంగన్‌వాడీకి ఎర్ర మాత్రగా వచ్చింది. ఆయన మాత్రం తిరిగి రాలేదు. 1948లో అమెరికాలోనే పోయాడు.

ఆ ఎర్ర మాత్ర పట్టుకునే ఈ ఏడాది సభ సంగతికి వస్తాను. దానికి ముందు నా పాపం ఒకటి చెప్పుకోవాలి.

1980లలో, నాకప్పుడు ముప్ఫై నిండలేదు. నల్లగొండ జిల్లాలో ఒక పల్లెలో మా బృందం రక్తపరీక్షలు చేసింది. అప్పటి పద్ధతిలో వేలికొన మీద సూదితో పొడిచి, పైకుబికిన చుక్కని సన్నటి గాజుగొట్టంలోకి నోటితో పీల్చి, సరిగ్గా 20 మైక్రోలీటర్ల గీత దగ్గర ఆపి, ఫిల్టరు కాగితం మీద వదలాలి. 20 మైక్రోలీటర్లంటే చుక్కలో సగం కూడా కాదు. ఆ కాగితం ఆరబెట్టి, కవర్లో పెట్టి, ల్యాబుకి తెచ్చి, ద్రావణంలో నానబెట్టి రంగు చూస్తే హిమోగ్లోబిన్ ఎంతో తెలుస్తుంది. ఆ రోజు వేపచెట్టు కింద అరుగు మీద అరవై మంది ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. బీడీలు చుట్టిన వేళ్ళు, నాట్లు వేసిన వేళ్ళు. చర్మం గట్టిపడి సూది దిగదు. రెండోసారి పొడవాల్సి వచ్చేది. ఒక ముసలమ్మకి మూడోసారి పొడిచాను. ఆవిడ చెయ్యి లాక్కోలేదు. "తీస్కపో బిడ్డా, గని మల్లొచ్చి లెక్క చెప్పాలె" అంది. చెప్తానవ్వా అన్నాను.

చెప్పలేదు. ఆ పరిశోధన వ్యాసమై అచ్చయింది, నాకు ప్రమోషన్ వచ్చింది. ఆ ఊరు దాటి కారులో ఎన్నోసార్లు వెళ్ళాను.

ఈ ఏడాది తెలుగు పోటీలో ఐదో పేరుగా ఒక అమ్మాయి వచ్చింది. సన్నగా ఉంది, మైకు ఆమె ఎత్తుకి దించడానికే అర నిమిషం పట్టింది. చిత్రంగా ఆమెదీ నల్లగొండ పల్లెలే. ఎర్ర మాత్రలు అందుతున్నా గర్భిణుల్లో రక్తం ఎందుకు పెరగడం లేదన్నది ఆమె ప్రశ్న. ఇళ్ళకి వెళ్ళి చూస్తే మాత్రలు పసుపు డబ్బాల్లో, దేవుడి పటాల వెనక, చూరులో దొరికాయి. మింగితే వికారం, మలం నల్లగా రావడం, బిడ్డ నల్లగా పుడుతుందనో, బాగా పెరిగి కాన్పు కష్టమవుతుందనో అత్తగార్ల భయం. సరే, అత్తగార్లనీ కోడళ్ళనీ కలిపి కూర్చోబెట్టి నాలుగు నెలలు నచ్చజెప్పే పథకం ఒకటి వేసింది. సగం ఊళ్ళలో చెప్పి, సగం ఊళ్ళలో చెప్పక, రెండుచోట్లా హిమోగ్లోబిన్ చూసింది. చీటీలు వేసి ఊళ్ళు ఎంచింది. అంతా పద్ధతిగా చేసింది. ఫలితం?

"ఏం తేడా రాలేదండి" అంది.

హాల్లో ఎవరో ఖళ్ళున దగ్గారు. ఇంకా నిమిషం పైన టైముంది. ఆ నిమిషంలో ఆమె, తేడా రాలేదని తెలిసిన రోజు ఏడ్చిన సంగతి చెప్పింది. తర్వాత ఆఖరి విడత రక్తం తియ్యడానికి వెళ్ళినప్పుడు ఒక పెద్దావిడ అడిగిన మాట చెప్పింది. "మీరొస్తరు, పోతరు. ఇంతకీ నా కోడలి నెత్తురు లెక్కేమైంది బిడ్డా? నీ కాయిదంల రాస్కుంటివి, నాకు చెప్పకపోతివి." గంట మోగింది. ఆమె నమస్కారం పెట్టి దిగిపోయింది. నేను నా మార్కుల కాగితం వైపు చూస్తూ కూర్చున్నాను. నాకు ఆ అరుగు, ఆ వేపచెట్టు, ఆ గట్టిపడిన వేలు కనిపించాయి.

జడ్జీలం ముగ్గురం. ఆమెకి మొదటి బహుమతి ఇవ్వాలని నేను. తేడా రాని పనికి బహుమతి ఏమిటని ఒకాయన. పెద్దమనిషే, చెడ్డవాడు కాదు. పరిశోధనంటే ఏదో ఒకటి కనుక్కోవడమని ఆయన లెక్క. పనిచెయ్యని పథకం పనిచెయ్యదని కనుక్కోవడం కనుక్కోవడం కాదా అన్నాను. పది జిల్లాల్లో డబ్బు తగలేశాక తెలిసేకన్నా ఇరవై ఊళ్ళలో తెలియడం మేలు కదా అన్నాను. గట్టిగానే అన్నాను, పక్క గదిలోకి వినపడేలా. మూడో జడ్జి గడియారం చూసుకుని ఆయన వైపు మొగ్గింది. మొదటి బహుమతి క్యాన్సరు కణాల మీద పనిచేసిన కుర్రాడికి పోయింది. బాగా మాట్లాడాడు, కాదనను.

సభ ముగిసి, శాలువా చంకన పెట్టుకుని బయటికొస్తే ఆ అమ్మాయి బస్టాపులో కనిపించింది. చుట్టచుట్టిన ఫ్లెక్సీ ఆమె పక్కన నిలువుగా నిలబడి, ఆమెకన్నా ఎత్తుగా ఉంది. హాల్లో ఆమె పెట్టిన పోస్టరు నేను చూశాను, అంత పెద్దది కాదు. అడిగాను.

"ఇది ఇంకోటి సార్, తెలుగుది. అంగన్‌వాడీ గోడకి కట్టడానికి. ఆదివారం మీటింగు పెట్టుకున్నాం, అన్ని ఊళ్ళవాళ్ళూ వస్తున్నారు. ఎవరి నెత్తురు లెక్క వాళ్ళకి విడిగా చీటీ రాశాను. ఈ పోస్టరు అందరిదీ కలిపి."

"మరి తేడా రాలేదని వాళ్ళకెట్లా చెప్తావు?"

కాసేపు ఆలోచించింది. "మేం చెప్పిన మాటలు పనిచెయ్యలేదని చెప్తాను సార్. ఎందుకు పనిచెయ్యలేదో మీరే చెప్పండని అడుగుతాను. రికార్డరు తీసుకెళ్తున్నా."

నల్లగొండ బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది, ఫ్లెక్సీ తలుపు దగ్గర అడ్డంగా ఇరుక్కుంది. నేను కింది నుంచి తోశాను, లోపల నుంచి ఎవరో లాగారు. కండక్టరు టికెట్ మిషను పట్టుకుని దాన్ని కిందికీ పైకీ చూశాడు.

"ఏందమ్మా ఇది?"

"లెక్కలు అన్నా. మా ఊరోళ్ళవి."

"నీకైతే జీరో టికెటే. దీనికి లగేజి కొట్టాలె."

ఆమె పర్సు తీసింది. బస్సు కదిలింది.